నిద్రపోతున్న పెద్దాయన నెత్తిన నీళ్లు పోసి వీడియో తీస్తే అది వినోదమా?

వేపచెట్టు:
నిన్న రాత్రి ఎవరో పంపిన వీడియో చూశాను. రైలు పెట్టెలో కిటికీ పక్కన ఒక పెద్దాయన కూర్చునే నిద్రపోతున్నాడు. తల ఒక పక్కకు వాలింది, కళ్లద్దాలు ముక్కు మీదికి జారాయి. ఒక కుర్రాడు వెనక నుంచి పిల్లిలా వచ్చి సీసాడు నీళ్లు ఆయన నెత్తిన గుమ్మరించాడు. ఉలిక్కిపడి లేచిన ఆయన తిట్టలేదు, చెయ్యెత్తలేదు. చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితాలు తీసి, తడిశాయేమోనని ఒక్కొక్కటీ విప్పి చూసుకున్నాడు. కుర్రాడు పగలబడి నవ్వుతూ కెమెరా వైపు వేలు చూపించి "నవ్వండి తాతా, మీరు ఫేమస్ అయిపోయారు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లలో ఇద్దరు నవ్వారు, ఇంకొకరు తన ఫోను కూడా తీశారు. ఒక్కరూ నోరు మెదపలేదు.

వెర్రి వేయి విధాలంటారు గానీ ఇది వెర్రి కూడా కాదు, లెక్క వేసుకుని చేసిన పని. ఒకప్పుడు పెద్దవాళ్ల ముందు గొంతు పెంచడానికే జంకేవాళ్లం. ఇంతగా ఎప్పుడు దిగజారిపోయాం?

కిటికీసీటు:
అప్పుడు మన చేతిలోనూ కెమెరా ఉండి ఉంటే ఎంత జంకేవాళ్లమో చూడాల్సింది.

పాతకాగితం:
వేపచెట్టు గారూ, మీ బాధ న్యాయమైనదే. "ఎప్పుడు" అని అడిగారు కాబట్టి కాస్త వెనక్కి వెళదాం. క్రీ.పూ. 356లో ఎఫెసస్ అనే గ్రీకు నగరంలోని ఆర్టెమిస్ దేవత ఆలయాన్ని హెరోస్ట్రాటస్ అనేవాడు తగలబెట్టాడు. దేవత మీద కోపం లేదు, దోచుకున్నదీ లేదు. తన పేరు లోకానికి తెలియాలి, అంతే. వాడి పేరు ఎవరూ ఎత్తకూడదని ఎఫెసస్ వాళ్లు శాసించారు. ఒక చరిత్రకారుడు రాసేశాడు, ఇదిగో నేనూ చెబుతున్నాను.

ఏథెన్సులో ఆల్సిబయడీస్ అని ఒక నాయకుడు. మంచి ధర పెట్టి కొన్న అందమైన కుక్క తోక కోయించాడు. ఊరంతా దుమ్మెత్తి పోస్తోందని స్నేహితులు వచ్చి చెబితే నవ్వాడట. జనం దీని గురించి మాట్లాడుకుంటున్నంతసేపూ తన గురించి ఇంతకన్నా చెడ్డ మాటలు మాట్లాడరు కదా అని. ప్లూటార్క్ అనే ప్రాచీన గ్రీకు రచయిత రాసిన కథ ఇది. ఇప్పటి ప్రచార నిపుణులకు ఇంతకన్నా గొప్ప పాఠం ఉందంటారా?

దగ్గరి కాలానికి వస్తే, 1901లో ఆనీ టేలర్ అనే ఉపాధ్యాయురాలు తన అరవై మూడో పుట్టినరోజున పీపాలో కూర్చుని నయాగరా జలపాతం మీంచి దూకింది. ముసలితనంలో నాలుగు డబ్బులు వస్తాయనే ఆశతో. ప్రాణం దక్కింది, డబ్బు దక్కలేదు. పేదరికంలోనే పోయింది. 1924లో ఆల్విన్ కెల్లీ జెండా స్తంభం ఎక్కి 13 గంటలకు పైగా కూర్చుంటే అమెరికా అంతటా ఆ పిచ్చి అంటుకుంది. 1929లో బాల్టిమోర్‌లో పదిహేనేళ్ల కుర్రవాడు పది రోజులు పైనే కూర్చున్నాడు, నగర మేయరే అభినందించాడు. కెల్లీ 1930లో ఏకంగా 49 రోజులు. 1939లో హార్వర్డ్‌లో ఒక విద్యార్థి బతికున్న చేపను మింగి చూపించాడు, కొన్నాళ్లు కాలేజీలన్నీ అదే పనిలో పడ్డాయి. వీళ్లలో ఎవరి దగ్గరా ఫోను లేదు.

సగంచంద్రుడు:
పాతకాగితం గారి మాటకు ఒక ఆధారం. 2023లో నేచర్ పత్రికలో మాస్ట్రోయాని, గిల్బర్ట్ అనే ఇద్దరు పరిశోధకుల వ్యాసం వచ్చింది. 70 ఏళ్లుగా జరిగిన సర్వేలను తిరగేశారు. కనీసం 60 దేశాల్లో జనం చెప్పింది ఒకటే: మనుషులు మునుపటిలా లేరు, మంచితనం తగ్గిపోతోంది. చిత్రమేమిటంటే "నిన్న మీతో ఎవరైనా మర్యాదగా ప్రవర్తించారా", "మీరు ఎవరికైనా సాయం చేశారా" లాంటి ప్రశ్నలకు వచ్చిన జవాబులు ఏళ్లు గడిచినా పెద్దగా మారలేదు. లోకం చెడిపోయిందంటారు, తమకు తెలిసినవాళ్లను మాత్రం ఆ లెక్కలోంచి తీసేస్తారు.

దీనికి వాళ్లు సూచించిన కారణాలు రెండు. చెడు వార్త కంట పడినంతగా మంచి వార్త పడదు. పాత చేదు మాత్రం తీపికన్నా త్వరగా మాసిపోతుంది. రెండూ కలిస్తే గతం బంగారంలా, ఈ రోజు బురదలా కనబడుతుంది. ఆ రైలు పెట్టెలోనే ఎవరైనా పక్కవాళ్లకు సీటు ఇచ్చి ఉంటారు, పసిబిడ్డను కాసేపు ఎత్తుకుని ఉంటారు. దాన్ని ఎవరు తీస్తారు, ఎవరు పంపుతారు?

వేపచెట్టు:
చదివాను. ఒప్పుకోను. జెండా స్తంభం ఎక్కినవాడు పడితే తన నడుమే విరుగుతుంది, చేప మింగితే మింగినవాడి కడుపే పాడవుతుంది. నీళ్లు పోసినవాడికి ఏమైంది? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఈ రెండూ ఒకటే అంటే ఎలా?

తెల్లమబ్బు:
వేపచెట్టు గారు అసలు చోట వేలు పెట్టారు. సర్వేలు ఏం చెప్పినా ఆ పెద్దాయన చొక్కా ఆరదు.

పీపాలో దూకిన ఆవిడ, స్తంభం ఎక్కిన కెల్లీ తమ ఒంటిని పందెం కాశారు. వాటిని పిచ్చి అనుకోవచ్చు, సాహసం అనుకోవచ్చు, ఎవరి ఇష్టం వాళ్లది. ఇప్పుడు నేను రోజూ చూస్తున్నవాటిలో పందెం కాస్తున్నది ఎదుటివాడి ఒళ్లు. దుకాణంలో పనిచేసే అమ్మాయి మొహాన కేకు కొట్టడం, దారిన పోయేవాడి చేతిలోని సంచి లాక్కుని పరుగెత్తడం, ఇల్లు లేనివాడికి డబ్బు ఇస్తున్నట్టు చెయ్యి చాచి వెనక్కి తీసుకోవడం. ఇందులో ఎవరిని ఎంచుకుంటున్నారో గమనించారా? తిరగబడే బలం ఉన్నవాణ్ని ఎప్పుడూ ఎంచుకోరు. వృద్ధులు, ఉద్యోగం పోతుందని నోరెత్తలేనివాళ్లు, ఒంటరిగా ఉన్న ఆడవాళ్లు. కండలు తిరిగిన మనిషి నిద్రపోతుంటే ఆ కుర్రాడు సీసా మూత కూడా తీసేవాడు కాదు.

పైగా ఇది సరదా పరిధిలోది కాదు. ఇష్టం లేని మనిషి మీద నీళ్లు పోయడం చాలా దేశాల చట్టాల్లో దాడి కిందకే వస్తుంది. గాయం కానక్కరలేదు. "ప్రాంక్" అనే పేరు తగిలించగానే చట్టం నవ్వేసి ఊరుకోదు.

ఎడిటింగ్‌బల్ల:
ఈ విషయంలో నాకు తెలిసింది కాస్త చెబుతాను. ఇలాంటి ఛానల్ ఒకదానికి కొంతకాలం వీడియోలు ఎడిట్ చేశాను. పేరు చెప్పను, ఇప్పుడు అక్కడ లేను.

బయటివాళ్లు అనుకున్నట్టు అక్కడ ఎవరూ వెర్రివాళ్లు కారు. మా గదిలో అందరూ చూసేది ఒక గీతనే. వీడియో మొదలైన క్షణం నుంచి జనం ఎక్కడెక్కడ వదిలి వెళ్లిపోతున్నారో చూపించే గీత అది. మొదటి మూడు సెకన్లలో అది జారితే ఆ వీడియో చచ్చినట్టే. అందుకే నీళ్లు పోసే క్షణాన్ని ముందే చూపించి, ఆపేసి, "అసలు ఏం జరిగిందంటే" అని వెనక్కి వెళ్తాం. మీరు కుర్రాడి ధైర్యం చూడ్డానికి ఆగరు, ఆ పెద్దాయన ఏం చేస్తాడో చూడ్డానికి ఆగుతారు. కాబట్టి కెమెరా ఎప్పుడూ బాధితుడి మొహం మీదే. నాకు వచ్చిన మొదటి ఆదేశమే అది: "మనవాడి మొహం తగ్గించు, వాళ్ల మొహం పెంచు." కళ్లు పెద్దవై, నోరు తెరుచుకున్న ఒక్క ఫ్రేము దొరకాలి. ముఖచిత్రానికి అదే. ఆ ఒక్క ఫ్రేము కోసం గంటలకొద్దీ వెనక్కీ ముందుకీ తిప్పేవాణ్ని.

సగానికి పైగా నటనే. డబ్బిచ్చి కూర్చోబెట్టినవాళ్లు. కానీ నటించినవాటికి ఆ గీత త్వరగా జారేది. నిజమైన భయం మొహంలో వేరేగా ఉంటుంది, చూసేవాళ్లు పట్టేస్తారు. దాంతో మెల్లగా నిజంవి ఎక్కువయ్యాయి. అనుమతి కాగితం మీద సంతకం తరవాత తీసుకునేవాళ్లు, మనిషి ఇంకా వణుకుతుండగానే. ఆ స్థితిలో ఎవరైనా చదివి సంతకం పెడతారా? "పోనీలే బాబూ, నన్ను వెళ్లనివ్వు" అని పెట్టేసేవాళ్లు.

ఇంకో మాట. తిట్లంటే వాళ్లకు భయం లేదు. ఎంత తిడితే అంత దూరం వెళ్తుంది. పొగడ్త ఒక్క ముక్కతో ఆగిపోతుంది, తిట్టేవాడు మాత్రం పదిమందికి పంపి "చూశారా ఎంత ఘోరమో" అంటాడు. క్షమాపణ వీడియో కూడా ముందే అనుకున్నదే. నల్ల చొక్కా, గోడ ముందు కుర్చీ, మధ్యలో ఒక నిట్టూర్పు. కొన్నిసార్లు అసలు వీడియో కన్నా దానికే ఎక్కువమంది వచ్చేవాళ్లు.

కిటికీసీటు:
నిట్టూర్పుకు కూడా రిహార్సల్ ఉంటుందా?

ఎడిటింగ్‌బల్ల:
ఉంటుంది. మొదటి నిట్టూర్పు మరీ పొడుగైందని తీసేశాం.

సగంచంద్రుడు:
తిట్ల గురించి ఆయన చెప్పినదానికి శాస్త్రం తోడుంది. 2017లో విలియం బ్రేడీ బృందం ట్విటర్ సందేశాలను పరిశీలించింది. "సిగ్గుచేటు", "ద్రోహం" లాంటి నీతి, ఆవేశం రెండూ కలిసిన మాట ఒక్కోటి పెరిగినకొద్దీ ఆ సందేశం మరొకరికి చేరే అవకాశం సుమారు 20 శాతం పెరిగిందట. అంటే మన ఆగ్రహమే వాళ్ల బండికి ఇంధనం. హెర్బర్ట్ సైమన్ అనే ఆర్థికవేత్త 1971లోనే అన్నాడు, సమాచారం పొంగిపొర్లే చోట కరువయ్యేది వినేవాళ్ల ధ్యాసే అని. కరువైన సరుకుకు ధర పలుకుతుంది. ధర పలికేదాన్ని దోచుకునేవాళ్లు పుడతారు.

తెల్లమబ్బు:
ఎడిటింగ్‌బల్ల గారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఎవరైనా తరవాత ఫోన్ చేసి వీడియో తీసేయమని అడిగేవాళ్లా?

ఎడిటింగ్‌బల్ల:
అడిగేవాళ్లు. ఒకావిడ చాలాసార్లు అడిగింది. తన పిల్లవాణ్ని బడిలో అందరూ ఆ వీడియో పేరుతో పిలుస్తున్నారట. మావాళ్లు మొహం మసకబార్చమన్నారు, నేనే చేశాను. అప్పటికే ఇతర ఛానళ్లు దాన్ని కోసుకుని, పాట తగిలించి పెట్టేసుకున్నాయి. వాటిని ఎవరు మసకబారుస్తారు? ఒకసారి బయటికి వెళ్లినదాన్ని తిరిగి తెచ్చుకోవడమనేది ఉండదు. ఆ తరవాత ఎంతోకాలం అక్కడ ఉండలేదు నేను.

ఎర్రగొడుగు:
ఇంతవరకూ బాగుంది గానీ ఒక అనుమానం. పదిమంది దృష్టి తిప్పుకునే పనులన్నిటినీ ఒకే గాట కట్టేస్తామా? 2022 అక్టోబరులో లండన్ నేషనల్ గ్యాలరీలో ఇద్దరు అమ్మాయిలు వాన్ గో పొద్దుతిరుగుడు పూల చిత్రం మీద టమాటా సూపు పోశారు. వాతావరణాన్ని కాపాడటానికి కొత్త చమురు, గ్యాసు తవ్వకాలకు అనుమతులు ఆపమని వాళ్ల డిమాండు. లోకమంతా ఛీ కొట్టింది. 1914లో మేరీ రిచర్డ్‌సన్ అదే గ్యాలరీలో వెలాస్కెజ్ వేసిన వీనస్ చిత్రాన్ని కత్తితో చీల్చింది, ఆడవాళ్ల ఓటుహక్కు ఉద్యమంలో భాగంగా. అప్పుడూ ఛీ కొట్టారు. ఈ రోజు ఓటు వేసే ఆడవాళ్లలో ఎందరికి ఆ ఉద్యమం మీద కోపం ఉంది? మర్యాదగా అడిగినప్పుడు ఎవరూ వినకపోతే మనిషి అమర్యాదకు దిగుతాడు. దాన్ని సామాజిక పతనం అనేస్తే అధికారంలో ఉన్నవాళ్ల పని సుఖం.

వేపచెట్టు:
చిత్రం లోకంలో అందరి సొత్తు. దాని మీద సూపు పోసే హక్కు ఎవరిచ్చారు?

ఎర్రగొడుగు:
చిత్రం గాజు వెనక ఉంది, దెబ్బ తిన్నది చట్రమే. వాళ్లు అక్కడే నిలబడ్డారు, పారిపోలేదు, అరెస్టయ్యారు, కోర్టుకు వెళ్లారు, జైలు శిక్ష పడింది. చేసినదానికి మూల్యం తామే చెల్లించారు. మీ రైలు కుర్రాడు ఏం చెల్లించాడు?

పాతకాగితం:
మూల్యం చెల్లించినంత మాత్రాన పని మంచిదైపోదు, ఎర్రగొడుగు గారూ. హెరోస్ట్రాటస్ కూడా ప్రాణంతో చెల్లించాడు. నేను చూసేది వేరు. కెమెరా తీసేస్తే ఆ పని మిగులుతుందా లేదా? ఓటుహక్కు అడిగినవాళ్లు కెమెరా లేనప్పుడు కూడా కరపత్రాలు పంచారు, సభలు పెట్టారు, జైల్లో నిరాహారదీక్షలు చేశారు. గ్యాలరీ ఘటన ఆ పొడుగాటి పనిలో ఒక్క రోజు. నీళ్ల సీసా కుర్రాడి దగ్గర కెమెరా లాక్కుంటే మిగిలేది సీసా ఒక్కటే. సూపు పోసిన అమ్మాయిల సంగతి నేను ఇంకా తేల్చుకోలేదు, నిజం చెప్పాలంటే.

సగంచంద్రుడు:
కెమెరా తీసేయడం గురించి మాట వచ్చింది కాబట్టి. 1974 ఆస్కార్ వేడుకలో నటుడు డేవిడ్ నివెన్ మాట్లాడుతుంటే ఒకడు నగ్నంగా వేదిక మీద పరుగెత్తాడు, ప్రత్యక్ష ప్రసారంలో. ఆ రోజుల్లో మైదానాల్లోకి దూకడం ఒక అంటువ్యాధిలా పాకింది. తరవాత తరవాత క్రీడా ప్రసారకులు చాలామంది ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఎవరైనా మైదానంలోకి దూకితే కెమెరాను వెంటనే ప్రేక్షకుల మీదికో స్కోరుబోర్డు మీదికో తిప్పేస్తారు. దూకినవాడు దూకాడు గానీ ఇంట్లో కూర్చున్నవాళ్లకు కనబడడు. బెడద పూర్తిగా పోలేదు, ఎందుకంటే ఇప్పుడు స్టేడియంలో ఉన్న ప్రతివాడి చేతిలోనూ కెమెరా ఉంది.

2019 మార్చిలో న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడు హత్యాకాండను ప్రత్యక్షంగా ప్రసారం చేశాడు. మొదటి 24 గంటల్లో ఫేస్‌బుక్ తొలగించిన ఆ వీడియో ప్రతులే 15 లక్షలు. అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ వాడి పేరు తన నోట రాదని పార్లమెంటులో ప్రకటించింది. ఎఫెసస్ వాళ్ల శాసనమే మళ్లీ. ప్రాంకును దానితో పోల్చడం లేదు, తప్పుగా అనుకోకండి. ప్రేక్షకుణ్ని దక్కనివ్వకపోవడమనే ఉపాయం ఎంత పాతదో చెబుతున్నాను.

ఒంటిని పందెం కాసేవాళ్ల సంగతి కూడా చులకనగా వదిలేయకండి. 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు వరకు వచ్చిన వార్తలను ఏరి చేసిన ఒక అధ్యయనం సెల్ఫీలు తీసుకుంటూ 259 మంది చనిపోయారని తేల్చింది. ఎక్కువమంది మగవాళ్లు, ముప్పై లోపు వయసువాళ్లు. వార్త కానివి ఇంకెన్ని ఉన్నాయో.

కిటికీసీటు:
అయితే ఆ రైలు పెట్టెలో రెండో ఫోను తీసినవాడు సాక్షా, సహనటుడా?

తెల్లమబ్బు:
తీసిన తరవాత ఏం చేశాడన్నదాన్ని బట్టి. ఆ పెద్దాయన చేతిలో పెట్టి "మీకు కావాలంటే ఫిర్యాదుకు పనికొస్తుంది" అని ఉంటే సాక్షి. తన పేజీలో పెట్టుకుని ఉంటే రెండో కుర్రాడు.

నేను ఒకసారి బస్సులో ఇలాంటిదే చూశాను. ఒక అమ్మాయి జడకు ఎవడో ఏదో తగిలిస్తూ వీడియో తీస్తున్నాడు. పక్కనున్న ఒకావిడ వాడితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేరుగా ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి, కెమెరాకు వీపు పెట్టి అడ్డంగా నిలబడి, "దిగే చోటు వచ్చిందా అమ్మా, ఇలా రా" అని ఏవో కబుర్లు మొదలుపెట్టింది. వాడికి కనబడుతున్నది ఒక వెడల్పాటి చీర వీపు మాత్రమే. రెండుమూడు సార్లు అటూ ఇటూ తిరిగి, ఫోను జేబులో పెట్టుకుని దిగిపోయాడు. వాడితో గొడవ పడి ఉంటే ఆ గొడవే వాడికి వీడియో అయ్యేది.

వేపచెట్టు:
ఈ ఉపాయం నాకు నచ్చింది. నేనైతే వాడి చొక్కా పట్టుకునేవాణ్ని.

ఎడిటింగ్‌బల్ల:
పట్టుకుంటే మా గదిలో పండగ చేసుకునేవాళ్లు, వేపచెట్టు గారూ. "పెద్దమనిషి దాడి" అని ఎర్రక్షరాలతో పెట్టేవాళ్లం. ముందు వాడు చేసింది కోసేసి, మీరు చొక్కా పట్టుకున్న దగ్గర మొదలుపెట్టేవాళ్లం.

సగంచంద్రుడు:
యూట్యూబ్ 2019 జనవరిలో నిబంధనలు కఠినం చేసింది కదా. తీవ్రమైన గాయం అవుతుందనిపించే ప్రాంకులు, పిల్లలను మానసికంగా కుంగదీసేవి పెట్టకూడదని. మీరున్న చోట దాని ప్రభావం ఏమైనా కనబడిందా?

ఎడిటింగ్‌బల్ల:
నిబంధన చదివి కత్తులు, తుపాకీ బొమ్మలు మానేశారు. నీళ్లు, పిండి, అరుపులు మిగిలాయి. "తీవ్రమైన గాయం" కాదుగా. వీడియో తీసేయిస్తారన్న భయం పెద్దగా లేదు, ఇంకో ఖాతాలో పెట్టుకుంటారు. మావాళ్ల మొహం మాడిపోయింది ఒక్కసారే. ఒక వీడియోకు ప్రకటనలు ఆగిపోయాయి, వ్యూలు మాత్రం వస్తూనే ఉన్నాయి. లక్షల మంది చూస్తున్నారు, పైసా రావడం లేదు. ఆ వారం ఎవరి నెత్తినా నీళ్లు పోయలేదు, కూర్చుని వంటల వీడియో తీశారు.

ఎర్రగొడుగు:
వంటల వీడియో ఎలా వచ్చింది?

ఎడిటింగ్‌బల్ల:
గీత మొదటి సెకనులోనే జారిపోయింది. మళ్లీ పాత పనికే వెళ్లారు.